మోచేతి కింద నాలుగు వేళ్లు

లోహిత్ నన్ను అంకుల్ అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఈ ఊళ్లో జుట్టు నెరిసిన ప్రతివాడూ అంకులే. కానీ అతని నోట్లోంచి వస్తే మాత్రం "మీ పనైపోయింది, ఇంటికెళ్లి పడుకోండి" అన్నట్టు వినిపిస్తుంది.

"లేటయిన్రు అంకుల్," అన్నాడు, యూ టీ పేటలోని ఆ ఎనిమిదో అంతస్తు ఫ్లాట్ గుమ్మంలో చేతులు కట్టుకుని.

"రెండుంపావుకి రమ్మన్నావు. ఇప్పుడు రెండూ పది."

"నేను రెండింటికే వచ్చిన. కమిటీ ఐదింటికి కూర్చుంటది. రిపోర్టు రాయనీకి నాకు గంటన్నర గావాలె. మూడున్నర దాకనే మీ టైము."

అతని వెనకాల హాల్లో, కుర్చీ అంచు మీద శాలిని కూర్చుని ఉంది. మెడలో వేలాడుతున్న కార్డును వేళ్లతో తిప్పుతూ నన్ను చూసి నవ్వబోయి ఊరుకుంది. సాయంత్రం ఐదు దాటాక ఆ కార్డు ఆమె మెడలో ఉంటుందో లేదో నాకూ తెలియదు. అది పోతే ఈ ఊళ్లో ఏ కాంట్రాక్టరూ ఆమెను పనిలో పెట్టుకోడు. ముప్పై మూడేళ్ల మనిషి, పన్నెండేళ్లుగా చేస్తున్నది ఈ ఒక్క పనే.

కాంట్రాక్టర్ల సంఘం పెట్టిన నియమాలు చూడ్డానికి చిన్నవే. కాంట్రాక్టర్ తరఫున ఇంటింటికీ వెళ్లి, వంటగది మారుస్తాం, బాత్రూము బాగుచేస్తాం అని ఒప్పందం రాయించుకునే ప్రతి మనిషీ సంఘం రిజిస్టర్లో ఉండాలి. మనిషికొక నంబరు, నంబరుకొక కార్డు. ఇంటివాళ్లు సంతకం పెట్టగానే ఆ కార్డును ఫోనుకి ఆనించాలి. ఏ చిరునామాలో, ఏ నిమిషానికి ఆనించారో సంఘం కంప్యూటర్లో పడిపోతుంది. మనిషి పని మానేసినా, చచ్చిపోయినా పద్నాలుగు రోజుల్లో కార్డు వెనక్కి ఇవ్వాలి. కార్డు ఇంకొకరికి ఇస్తే ఇచ్చినవాళ్లవీ తీసుకున్నవాళ్లవీ ఇద్దరి పేర్లూ రిజిస్టర్లో కొట్టేస్తారు.

శాలిని వాళ్ల నాన్న జయరాం నంబరు నూట పదిహేడు. పోయి మూడేళ్లయింది. కానీ గడిచిన ఎనిమిది నెలల్లో ఆ నంబరుతో మూడు ఇళ్లలో ఒప్పందాలు జరిగాయి. మూడోది ఈ ఇల్లు. చనిపోయిన మనిషి కార్డు కూతురి దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆమే ఎవడికో ఇచ్చి తిప్పుతోందని లోహిత్ తేల్చేశాడు. అతను సంఘం తరఫున విచారణలు చేసే ఉద్యోగి. హైదరాబాదు నుంచి వచ్చి రెండేళ్లు. నేను ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఆ తర్వాత ప్రైవేటుగా ఇలాంటివి చూసుకుంటున్నవాణ్ని. ఈ పూట శాలిని తరఫున వచ్చాను. మా ఇద్దరికీ పొసగదని వేరే చెప్పక్కర్లేదు.

"సూరి మామా," అంది శాలిని మెల్లగా. "నాన్న కార్డు నా దగ్గర లేదు. హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన కవర్లో వాచీ, పర్సు, కళ్లజోడు ఉన్నాయి. కార్డు లేదు. I thought he lost it, lah. అప్పుడు ఎవరికి చెప్పాలో కూడా తోచలేదు."

"పద్నాలుగు రోజుల రూలు తెలుసు కదా మేడమ్ మీకు," అన్నాడు లోహిత్. "రిజిస్టర్డ్ మనిషే కదా మీరు."

"వాళ్ల నాన్న పోయిన వారంలో నీ రూల్ బుక్ చదువుకుంటూ కూర్చోవాలా?" అన్నాను.

"రూలు రూలే అంకుల్."

సోఫాలో ఇంకొకాయన ఉన్నాడు. విష్ణు. యాభై ఆరేళ్లు, నీలం చొక్కా, చేతిలో కారు తాళాలు. జయరాం పాతికేళ్లు పనిచేసింది ఇతని కంపెనీలోనే. కంపెనీ మూసేసి రెండేళ్లయింది. తన పాత ఒప్పందం కాగితాలనే ఎవరో వాడుతున్నారని, జయరాం కార్డు కూతురి దగ్గరే ఉండి ఉంటుందని సంఘానికి చెప్పింది ఇతనే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రా అన్నా. ఈ పిల్ల మీద చెప్పాల్సొచ్చిందని నాకూ బాధగానే ఉంది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాణ్ని."

నేను తలాడించి, ఇంటావిడ ఎక్కడని అడిగాను.

వరలక్ష్మమ్మగారు వంటగదిలో ఉన్నారు. డెబ్బై ఏడేళ్లు, నాలుగడుగుల పది అంగుళాల మనిషి. వాళ్ల తాతగారు బారువా దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ రేవులో పనిచేశారట. మా తాతదీ అలాంటి కథే. ఆవిడ చెక్కపీట మీద నిలబడి గిన్నెలో గరిటె తిప్పుతోంది.

"మకన్ అయిందా నాయనా?" అంది నన్ను చూడగానే.

"తినే వచ్చానమ్మా. మీరు పీట మీద ఎందుకు నిలబడ్డారు?"

"ఏటి సెయ్యను మరి? ఈ కొత్త గట్టు కట్టిన కాణ్నించీ సెయ్యి ఎత్తి ఎత్తి భుజం పడిపోతోంది. అందుకే సంఘానికి ఫోను సేయించాను. పాత గట్టు పగలగొట్టకపోయినా బాగుణ్ను."

ఇంత కథకీ మొదలు ఆవిడ భుజం నొప్పి. ఆ ఫిర్యాదు వచ్చాకే సంఘం వాళ్లు ఒప్పందం తీసి చూశారు. చూస్తే, దాని మీద ఉన్న నంబరు బూడిదైపోయిన మనిషిది.

"వచ్చిన మనిషిని చూశారు కదా, ఎలా ఉంటాడు?"

"మూతికి మాస్కు, నెత్తిన టోపీ. నాకప్పటికి కళ్లకి ఆపరేషను అవలేదు నాయనా, పొరలతో ఉన్నాయి. మగమనిషి, తెలుగోడు. తొందరలో ఉన్నాడు. గొంతు పట్టేసినట్టు గుసగుసగా మాటాడేడు. నన్ను గోడకి నిలబెట్టి కొలత తీసుకున్నాడు."

"ఎప్పుడు వచ్చాడు, ఎప్పుడు వెళ్లాడు?"

"టీవీలో పదకొండు గంటల వార్తలప్పుడు వచ్చేడు. అవి అవకుండానే ఎల్లిపోయేడు."

లోహిత్ టాబ్లెట్ తీసి నా మొహం ముందు పెట్టాడు. "కార్డు పడ్డది పోయిన నెల రెండో ఆదివారం, టైము పదకొండూ పన్నెండు. మ్యాచ్ అయితది. ఇగ అసలుది జూడున్రి."

తెర మీద ఫొటో ఉంది. గట్టు పక్కన, టైల్స్ ఆగిపోయిన చోట, సున్నం గోడ మీద పెన్సిలు గీత.

"ఇంటామెను గోడకి నిలబెట్టి, మోచేతి ఎత్తు చూసి గీత గీసుడు. టేపు లేకుండ. ఇట్ల కొలిచేటోడు ఈ మొత్తం ఫీల్డుల జయరాం ఒక్కడే అని పదిమంది చెప్పిన్రు. ఆయన పోయినంక అట్ల కొలిచేది ఒక్క కూతురే. కార్డు ఆమెది, కొలతా ఆమెదే. మనిషిని పెట్టి పంపింది. ఇంకేం గావాలె అంకుల్ మీకు?"

నిజం చెప్పాలంటే ఆ ఫొటో చూడగానే నాకూ జయరామే గుర్తొచ్చాడు. లోహిత్ మాటలకి కాదు, గీతకి.

మా ఇల్లు జురాంగ్ వెస్టులో. తొంభై నాలుగులో మా వంటగది కట్టించింది జయరామే. అప్పటికి కార్డులూ లేవు, నంబర్లూ లేవు. టైల్స్ ముక్కలున్న తోలుపెట్టె ఒకటి మోసుకుంటూ వచ్చి, పెట్టె విప్పకుండానే మా ఆవిడ నళినిని "అక్కా, ముందు పప్పు కలిపినట్టు నిలబడండి" అన్నాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గరిటె పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆమె ఆ గట్టు దగ్గర నిలబడింది, ఒక్కనాడూ నడుము నొప్పి అనలేదు. నళిని పోయాక మావాళ్లు వంటగది మార్చమని ఎన్నిసార్లు చెప్పినా నేను ఒప్పుకోలేదు. మార్చితే ఆమె ఎత్తు పోతుంది.

రిజిస్టర్ పెట్టిన రోజు జయరాం ఎర్ర టై కట్టుకుని వెళ్లాడు. పొద్దున ఎనిమిదింటికే వరసలో నిలబడితే మధ్యాహ్నానికి నంబరు వచ్చింది. ఆదివారం లిటిల్ ఇండియాలో టీ తాగుతున్నప్పుడు ఆ కార్డు బల్ల మీద పెట్టి, "ఇన్నాళ్లూ తలుపు తడితే ఎవడో అమ్ముకునేవాడు వచ్చాడనేవాళ్లు సూరీ, ఇక నాకూ ఒక పేరుంది" అన్నాడు. ఆ మనిషి పేరు పక్కన ఈ సాయంత్రం మోసం అని రాసి కొట్టేస్తారు. ఆ తర్వాత కూతురిది.

"అంకుల్, రెండూ నలభై అయింది," అన్నాడు లోహిత్.

నేను మోకాళ్ల మీద కూర్చుని గోడ చూశాను. ఒకటే గీత. చేత్తో దుమ్ము తుడిచి, టార్చి వేసి కింద వెతికాను. పక్కన వెతికాను. టేపు తీసి కొలిచాను. గీత నేల నుంచి ముప్పై ఆరున్నర అంగుళాలు. గట్టు పైభాగం కూడా ముప్పై ఆరున్నరే.

"అమ్మా, పీట దిగి చెయ్యి మడవండి."

ఆవిడ దిగి మడిచింది. ముప్పై ఆరున్నర.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. కానీ లోహిత్‌కి చెబితే నమ్మడు. ముసలాయన స్నేహితుడి కూతుర్ని వెనకేసుకొస్తున్నాడంటాడు. అందుకని లేచి, వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడిన విష్ణు వైపు తిరిగాను.

"పోయినెల రెండో ఆదివారం పదకొండు నుంచి పదకొండున్నర దాకా నువ్వెక్కడున్నావు?"

"షాపులో. లైట్ల షాపు పెట్టుకున్నాను కదన్నా, అక్కడే."

"నీ సొంత కార్డు ఏమైంది?"

అతని మొహం కాస్త ముడుచుకుంది. "అది పాత గొడవ. అనుమతి రాకముందే గోడ కొట్టిస్తానని ఎవరికో మాటిచ్చానని రద్దు చేశారు. అందుకే గదా ఈ వ్యాపారమే మానేశాను."

"అంకుల్, ఈయన కంప్లైంట్ ఇచ్చినాయన," అన్నాడు లోహిత్. "సాక్షిని ముద్దాయి లెక్క అడుగుతరేంది?"

"సరే, సాక్షిగానే అడుగుతాను. విష్ణూ, జయరాం పక్కన పాతికేళ్లున్నావు. ఆయన కొలత నీకన్నా బాగా ఎవరికి తెలుసు? ఈ గీత ఆయన పద్ధతేనని లోహిత్ రిపోర్టులో రాయాలంటే ఎవరో ఒకరు చేసి చూపించాలి. చూపించు."

విష్ణు గోడ దగ్గరికి వచ్చాడు. తర్వాత శాలిని వైపు జాలిగా చూసి, చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. వరలక్ష్మమ్మగారిని గోడకి ఆనించి నిలబెట్టి, ఆవిడ మోచెయ్యి రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తి, సరిగ్గా ఎముక కింద గీత గీశాడు. పాత గీత మీదే పడింది కొత్త గీత.

"ఇదే అన్నా. మోచెయ్యి ఎత్తే గట్టు ఎత్తు. ఎన్ని వందల ఇళ్లలో చూశానో."

వరలక్ష్మమ్మగారు చెయ్యి వెనక్కి లాక్కుంది. అతని మొహంలోకి తేరిపార చూసింది.

"అప్పుడూ ఇలాగే పట్టుకున్నాడు నాయనా," అంది నాతో. "ఇలాగే, రెండు వేళ్లతో గిచ్చినట్టు."

"అందరూ అట్లనే పట్టుకుంటరు కదమ్మా," అన్నాడు లోహిత్.

"శాలినీ, నువ్వు రా," అన్నాను. "మీ నాన్న ఎలా చేసేవాడో చెయ్యి."

శాలిని వచ్చింది. ఆవిడను ముట్టుకోలేదు. ముందు చెప్పులు విప్పించింది. "అవ్వా, పప్పు కలుపుతున్నట్టు నిలబడండి," అంది. తర్వాత పెన్సిలు ఆవిడ చేతికే ఇచ్చింది. "మోచెయ్యి తగిలిన చోట మీరే గీయండి. ఆ గీత కింద మీ నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించండి. వేళ్ల కింద ఇంకో గీత గీయండి. ఆ రెండోదే గట్టు."

టేపు పెట్టి చూశాను. ముప్పై మూడున్నర.

"నాన్న ఎప్పుడూ ఆడవాళ్ల చెయ్యి పట్టుకోలేదు," అంది శాలిని లోహిత్‌తో. "వాళ్ల వేళ్లే వాళ్ల కొలత అనేవాడు. మోచేతి దాకా గట్టు కడితే గిన్నె ఎత్తు ఎక్కడ పోతుంది? రెండు గీతలు లేకుండా నేను ఏ ఇంట్లోనూ లేవను. You can check, all my houses."

"మా ఇంట్లో ఫ్రిజ్ వెనకాల ఇప్పటికీ రెండు గీతలున్నాయి," అన్నాను. "ఈమె నేర్పి పంపిన మనిషైతే ఆ నాలుగు వేళ్లు మర్చిపోడు. ఈ గీత గీసినవాడు జయరాం కొలుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి, ఫోను మాట్లాడుకుంటూ సగం చూసినవాడు. కొలత రాసిన చీటీ చేతికొస్తే పనివాళ్లకి ఇచ్చేసేవాడు, రెండో గీత ఎందుకో ఏనాడూ అడగనివాడు."

విష్ణు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఒక గీత పట్టుకుని నా మీద పెడతావా అన్నా?"

"గీత ఒక్కటే కాదు. ఆ కార్డు నీకు ఎప్పుడొచ్చిందో తెలియాలి. లోహిత్, నూట పదిహేడో నంబరు ఎంట్రీలు తియ్యి."

"మూడే ఉన్నయ్ అంకుల్. అన్ని చూసిన."

"చనిపోయిన తర్వాతవి చూశావు. చనిపోయిన రోజువి చూశావా?"

లోహిత్ టాబ్లెట్ మళ్లీ తెరిచాడు. అతనిలో నాకు నచ్చే గుణం ఒకటుంది, తెలియనిది తెలుసునని అనడు. తెర మీద వేలు జరుపుతూ గోడకి ఆనుకున్నాడు.

"మార్చి తొమ్మిది. రెండున్నయ్. ఒకటి తొమ్మిదీ ఇరవైకి, ఇక్కడే యూ టీల. ఇంకోటి పదీ యాభై అయిదుకి, జురాంగ్ వెస్టుల. రెండూ ఈయన కంపెనీ కాగితాల మీదనే. పాపం, చనిపోయే రోజు గూడ రెండు అగ్రిమెంట్లు చేసిండు."

అతనికి తెలియదు కాబట్టి మామూలుగా చదివేశాడు. నేను మాత్రం గట్టు పట్టుకున్నాను.

ఆ తొమ్మిదో తేదీ నాకు కంఠతా వచ్చు. జయరాం పైకి లిఫ్టులో వెళ్లేవాడు, దిగేటప్పుడు మాత్రం మెట్లే. ఒక్కో అంతస్తూ దిగుతూ ఎవరి గ్రిల్ తుప్పు పట్టింది, ఎవరి తలుపు ఊడింది అని చూసుకుంటూ పోవడం అతని అలవాటు. యూ టీలో తొమ్మిదో అంతస్తు నుంచి ఎనిమిదికి దిగే మెట్ల మీద పడ్డాడు. పదింటి ప్రాంతంలో పడి ఉంటాడని డాక్టరు అన్నాడు. పదకొండున్నరకి ఊడ్చే ఆవిడ చూసింది. అప్పటికి ఊపిరి ఉంది. ఒంటిగంటా యాభైకి పోయాడు. గంట ముందు తెచ్చి ఉంటే ఏమో అని డాక్టరు అన్న మాట శాలినికి ఇన్నాళ్లూ చెప్పలేదు.

"లోహిత్," అన్నాను, "పదీ యాభై అయిదుకి జయరాం మెట్ల మీద తల పగిలి పడున్నాడు. జురాంగ్ వెస్టుకి వెళ్లింది అతను కాదు. కార్డు వెళ్లింది."

స్టవ్ మీద గిన్నె ఉడుకుతోంది. వరలక్ష్మమ్మగారు చెయ్యి చాచి దాన్ని ఆర్పేసింది.

"ఎవడో దొంగ తీసుండచ్చు," అన్నాడు విష్ణు.

"దొంగయితే పర్సూ వాచీ వదిలి ఈ కార్డు తీస్తాడా? తీసి, గంట తిరక్కుండా నీ కంపెనీ కాగితాల మీద నీ ఒప్పందం రాయిస్తాడా? నిన్న సాయంత్రం నుంచీ జయరాం అన్నని చూడలేదు, మధ్యాహ్నం దాకా ఆఫీసులోనే ఉన్నాను అని పోలీసులకి చెప్పావు. నువ్వది చెబుతున్నప్పుడు పక్కన కూర్చున్నది నేనే విష్ణూ. నీ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను."

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం చేసి, నా స్నేహితుడి విషయంలో ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సిగ్గు చచ్చేదాకా ఉంటుంది.

లోహిత్ తెర వైపు చూశాడు, విష్ణు వైపు చూశాడు. "ఈయన సొంత కార్డు క్యాన్సిలయింది అదే సంవత్సరం ఫిబ్రవరి తొమ్మిదిన," అన్నాడు నెమ్మదిగా. "సరిగ్గా నెల ముందు." ఈసారి అంకుల్ అనలేదు.

విష్ణు చేతిలోని కారు తాళాలు గట్టు మీద పెట్టాడు. ఏదో చెబుతాడనుకున్నాను, లేకపోతే పారిపోతాడనుకున్నాను. రెండూ చెయ్యకుండా శాలిని ముందు నిలబడ్డాడు.

"ఒక్క పూటకి ఇవ్వమనే అడిగానమ్మా. పదకొండింటికి పార్టీకి మాటిచ్చేశాను, నాకు కార్డు లేదు. నువ్వు రాకపోయినా ఫరవాలేదన్నా, కార్డు ఇస్తే చాలన్నాను. అది గొడుగు కాదురా అరువివ్వడానికి, నా పేరు అన్నాడు. మెడలో తాడు పట్టుకుని లాగాను. తాడు తెగింది. అంతే. నేను నెట్టలేదు. తెగేసరికి వెనక్కి పడ్డాడు."

శాలిని ఏడవలేదు. చిన్నప్పుడు తనని ఎత్తుకు తిప్పిన మనిషిని ఎప్పుడూ చూడనట్టు చూసింది. తన మెడలోని కార్డు తాడును పిడికిట్లో పట్టుకుంది.

"బాబాయ్, నాన్న పడ్డప్పుడు నువ్వు చచ్చిపోయాడనుకున్నావా? అందుకే వెళ్లిపోయావా?"

అవునని ఉంటే సరిపోయేది. ఆ అబద్ధం ఆమెకి కొంచెం ఆసరా అయ్యేది. ఎందుకో విష్ణుకి అప్పుడే నిజం చెప్పాలనిపించింది.

"లేదమ్మా," అన్నాడు. "నేను కింది అంతస్తుకి దిగేదాకా నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు."

లోహిత్ వెళ్లి ఇనుప గ్రిల్ మూసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.